ఏటి ఇసుకా, ఊరి బావీ

చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు వంటి ఏర్ల ఒడ్డున పుట్టినవారికి చెలమ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. తక్కినవారికోసం చెబుతాను. వేసవిలో ఏట్లో ఒక్క చుక్క నీరు కనిపించదు. కాలు పెడితే చుర్రుమనే ఇసుక మాత్రం కనుచూపుమేర పరచుకొని వుంటుంది. అటువంటి చోట కూర్చుని రెండు చేతులతోనూ ఇసుక తోడితే, మోచేతి లోతు దిగేసరికి ఇసుక తడిగా తగులుతుంది. ఇంకా తోడితే గుంట అడుగున నీరు ఊరడం మొదలవుతుంది. మొదట వచ్చేది మురికినీరు. దాన్ని కొబ్బరిచిప్పతో తోడి పారబోస్తే, తర్వాత ఊరేది తేటగా, చల్లగా వుంటుంది. అదే చెలమ. ఎన్నో పల్లెలు తరతరాలుగా వేసవి గడుపుకొన్నది ఈ చెలమల మీదనే.

ఇప్పుడు చాలాచోట్ల మోచేతి లోతు కాదు గదా, మనిషి లోతు తవ్వినా ఆ నీరు ఊరడంలేదు. ఇందుకు కారణాలు ఒకటి కాదు. లెక్కకు మించిన బోరుబావులున్నాయి, సరిగా కురవని వానలున్నాయి. ఈ వ్యాసంలో నేను వాటి జోలికి పోకుండా ఒక్క కారణాన్నే తీసుకుంటాను. అది ఏటిలోంచి ఇసుకనూ, గులకరాళ్ళనూ తవ్వి తరలించడం. "ఇసుక తీసుకుపోతే నీళ్ళెందుకు పోతాయి సార్? ఇసుక వేరు, నీళ్ళు వేరు గదా!" అని మా తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు. ప్రశ్న చాలా మంచిది. జవాబు ఒక్క వాక్యంలో చెప్పగలిగేది కాదు.

ఇసుక అనే కుండ

ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక లీటరు పట్టే ప్లాస్టిక్ సీసా పైభాగం కోసివేసి, దాన్నిండా ముతక ఇసుక పోయండి. ఇసుక బాగా ఎండినదై వుండాలి. ఇప్పుడు కొలిచిన నీళ్ళు మెల్లగా పోస్తూ, నీరు ఇసుక పైకి తేలేవరకు పోయండి. ఇసుకతో నిండిపోయిన సీసాలో ఇంకా 350 నుంచి 400 మిల్లీలీటర్ల వరకు నీళ్ళు పడతాయి! ఆ నీరంతా ఇసుకరేణువుల మధ్యనున్న ఖాళీలలో చేరింది. ఒక పదార్థంలో ఇటువంటి ఖాళీలు నూటికి ఎన్ని వంతులున్నాయో చెప్పే సంఖ్యను సచ్ఛిద్రత అంటారు.

ఇప్పుడు సీసా అడుగున మేకుతో నాలుగు రంధ్రాలు పొడిచి, కింద గిన్నె పెట్టండి. పోసిన నీరంతా తిరిగి రాదు. కొంత నీరు రేణువులను అంటిపెట్టుకొని లోపలే వుండిపోతుంది. (చిన్న సీసాలో మరీ తక్కువ వస్తే మీ ప్రయోగం చెడిపోయిందనుకోకండి. సన్నని సందులలో నీటిని పైకి నిలిపివుంచే కేశనాళిక గుణం వల్ల పొట్టి సీసా ఎక్కువ నీటిని పట్టివుంచుతుంది. ఏట్లో ఇసుకమేట మీటర్ల మందం వుంటుంది కనుక అక్కడ ఈ నష్టం తక్కువ.) నది ఇసుకలో మన బావికి అందివచ్చే నీరు, ఇసుక ఘనపరిమాణంలో నూటికి 20 వంతులని లెక్క వేసుకోవచ్చు.

ఇదే ప్రయోగం బంకమట్టితో చేసి చూడండి. బంకమట్టిలో ఖాళీలు ఇసుకలో కన్నా ఎక్కువే. అయినా అది నీటిని వదలదు. నీటిని తనలోకి తొందరగా రానివ్వదు కూడా. నీటిని దాచడం ఎంత ముఖ్యమో, అడిగినప్పుడు ఇవ్వడం అంత ముఖ్యం. ఇసుకా గులకా చేసినట్లుగా ఈ రెండు పనులూ చేసేవి ప్రకృతిలో ఎక్కువ లేవు.

ఇక లెక్కకు వద్దాం. ఒక ఏరు 200 మీటర్ల వెడల్పు వున్నదనుకోండి. అందులో ఒక కిలోమీటరు పొడవున 3 మీటర్ల మందం ఇసుక తీసివేశారు. తీసిన ఇసుక 6 లక్షల ఘనపు మీటర్లు. అందులో 20 శాతం అంటే 1 లక్షా 20 వేల ఘనపు మీటర్లు, అనగా 12 కోట్ల లీటర్ల నీళ్ళు దాచుకొనే చోటు పోయింది. 2019లో మొదలయిన జలజీవన్ మిషన్ పథకం పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు కావాలని నిర్ణయించింది. ఆ లెక్కన 12 కోట్ల లీటర్లు సుమారు 6,000 మందికి ఏడాది పొడవునా సరిపోతాయి. చిన్న లెక్క ఇంకొకటి. ట్రాక్టరు తొట్టిలో 3 ఘనపు మీటర్ల ఇసుక పడుతుందనుకొంటే, ఒక్కొక్క ట్రాక్టరుతోపాటు 600 లీటర్ల నీరు నిలిచే చోటు తరలిపోతున్నది. పదకొండుమందికి ఒక రోజు నీళ్ళన్నమాట.

కుండకు మూత కూడా ఇసుకే. రాయలసీమ ఎండకు తెరచిన చెరువులోంచి ఏడాదికి దాదాపు 2 మీటర్ల నీరు ఆవిరయిపోతుంది. ఇసుక కింద రెండు మూడు అడుగుల లోతున వున్న నీటికి ఆ ఎండ తాకిడి చాలా తక్కువ. అందుకే చెలమ నీరు చల్లగా వుంటుంది.

తూము కిందికి జరిగితే

ఇంతవరకు చెప్పింది ఇసుకలోని నీటిని గురించి. అసలు నష్టం ఇంతకన్నా పెద్దది. అది ఏట్లో కాక, ఒడ్డున వున్న పొలాలలో జరుగుతుంది.

చెరువుకు తూము ఎక్కడ వుంటే అంతవరకే నీరు బయటికి పోతుందని మీకు తెలుసు. తూము మట్టానికి కింద వున్న నీరు చెరువులోనే నిలుస్తుంది. ఎవరయినా ఆ తూమును రెండు మీటర్లు కిందికి దించితే ఏమవుతుంది? చెరువులో ఇంకో రెండు మీటర్ల నీరు ఖాళీ అవుతుంది. ఎవరూ ఒక బిందె కూడా ముంచుకోకపోయినా సరే.

నది ఒడ్డున భూమిలోపల నీరు నిలిచి వుంటుంది గదా, దాని పైమట్టాన్ని జలమట్టం అంటారు. ఈ మట్టం సమతలంగా వుండదు. ఒడ్డున ఎత్తుగా వుండి, ఏటివైపు వాలుగా దిగుతుంది. ఆ వాలు వెంట నీరు మెల్లగా ఏటిలోకి ఊరుతుంది. వానలు వెలిసి నెలలు గడిచినా కొన్ని ఏర్లలో సన్నని ధార పారుతూ వుండడం మీరు చూసేవుంటారు. ఆ ధార ఇటువంటి ఊటే. అంటే చుట్టుపక్కల నేలలోని నీటికంతటికీ ఏటి అడుగే తూము. ఇసుక తవ్వి ఏటి అడుగును దించితే, తూమును దించినట్లే.

1856లో హెన్రీ డార్సీ అనే ఫ్రెంచి ఇంజనీరు డిజాన్ నగరపు నీటి సరఫరాను గురించి రాస్తూ, ఇసుకగుండా నీరు పారే తీరును ప్రయోగాలతో చూపించాడు. వాలు రెట్టింపయితే ప్రవాహమూ రెట్టింపవుతుంది. ఏటి అడుగు దిగిపోతే జలమట్టం వాలు పెరుగుతుంది. వాలు పెరిగితే ఒడ్డున వున్న నీరు మునుపటికన్నా త్వరగా ఏటిలోకి జారిపోతుంది. ఇది బావిమట్టం దిగి, వాలు మళ్ళీ మునుపటంత అయ్యేవరకు సాగుతుంది. ఏటికి దగ్గరలోని బావికి త్వరగా తెలుస్తుంది. దూరపు బావికి నెలలు, ఒక్కొక్కచోట సంవత్సరాలు గడిచాక తెలుస్తుంది. అందుకే ఆ రైతు తన బావి ఎండడానికీ, ఎప్పుడో ఏట్లో తవ్విన గుంటకూ సంబంధం వున్నదని ఊహించడు.

దీనిని కూడా మీరు తరగతిగదిలో చూడవచ్చు. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో ఇసుక నింపి, నడుమ చిన్న కాలువలాగా చేయండి. కాలువకు రెండుపక్కలా, కొంత దూరంలో, పారదర్శకంగా వుండే స్ట్రాలు నిలువుగా గుచ్చండి. స్ట్రా లోపలి ఇసుకను సన్నపుల్లతో తీసివేయాలి. ఇవి మీ బావులు. ఇసుకమీద నీరు చల్లుతూ వుంటే కాలువలో నీరు ఊరుతుంది, స్ట్రాలలోనూ నిలుస్తుంది. స్ట్రామీద నీటిమట్టం వున్నచోట సిరాతో గుర్తుపెట్టండి. ఇప్పుడు కాలువ అడుగును ఒక అంగుళం లోతు చేసి, ఊరిన నీటిని చెంచాతో తోడుతూ వుండండి. బావులలో ఏం జరుగుతుందో మీ కళ్ళతో మీరే చూస్తారు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. రాయలసీమలో చాలాచోట్ల బోర్ల వల్ల జలమట్టం ఏటి అడుగుకన్నా చాలా కిందికి పోయింది. అక్కడ నేలలోంచి ఏటిలోకి నీరు రావడంలేదు, ఏటిలోంచే నేలలోకి ఇంకుతున్నది. మరి తూము సంగతి ఏమయింది? నిజమే, అక్కడ తూము పోలిక పనికిరాదు. అయితే అక్కడ ఇసుక వేరొక పని చేస్తుంది. వరద మూడు రోజులలో వచ్చి పోతుంది. ఇసుకమేట వుంటే అది వరదలో తడిసి, ఆ నీటిని నెలల తరబడి కిందికి వదులుతూ వుంటుంది. మేటనంతా ఎత్తివేసి అడుగున బంకమట్టినో, చట్టురాతినో బయటపెడితే నేలకు దక్కేది ఆ మూడు రోజులలో ఇంకినంతే. మిగతాది సముద్రంపాలు.

గుంట ఒకచోట, కోత ఇంకొకచోట

"మా పరిధిలోనే తవ్వుకుంటున్నాం, మీ ఊరికేం నష్టం?" అనే మాట ఒకటి వినిపిస్తూ వుంటుంది. నీటికి ఈ పరిధులు తెలియవు. ఏట్లో లోతుగా తవ్విన గుంటలోకి వరద వచ్చినప్పుడు, గుంట ఎగువ అంచున నీరు జలపాతంలా దూకుతుంది. తెగిన గట్టు దగ్గర మీరు చూసే వుంటారు, దూకే నీరు అంచును తొలుచుకుంటూ వెనక్కి పోతుంది. అదేవిధంగా కోత గుంటలోంచి ఎగువకు పాకుతుంది. గుంటలోకి దిగిన నీరు తాను మోసుకొచ్చిన ఇసుకను అక్కడ వదిలేస్తుంది. బరువు దించుకొన్న ఆ నీటికి ఇంకా మోసే శక్తి వుంటుంది కనుక, దిగువన ఏటి అడుగునుంచి ఇసుకను లేపుకొనిపోతుంది. శాస్త్రజ్ఞులు దీనికి ఆకలిగొన్న నీరు అని పేరుపెట్టారు.

దీనిని చక్కగా కొలిచిచూసిన చోటు ఒకటి అమెరికాలో వున్నది. కాలిఫోర్నియా రాష్ట్రపు ఉత్తరభాగంలో రష్యన్ నది అని ఒక చిన్న నది వుంది. (అమెరికాలో ఈ పేరేమిటని ఆశ్చర్యపడకండి. 1812లో రష్యావారు ఆ తీరాన కోట కట్టుకొని కొంతకాలం నివసించారు.) ఆ నదిలో హీల్డ్స్‌బర్గ్ పట్టణం దగ్గర 1950, 60 దశకాలలో ఇళ్ళకూ రోడ్లకూ కావలసిన గులకకోసం నదిగర్భంలోనే పెద్ద గుంటలు తవ్వారు. ఫలితంగా నది అడుగు 11 కిలోమీటర్ల పొడవున 3 నుంచి 6 మీటర్ల వరకు దిగిపోయింది. విశాలంగా పరచుకొని పారిన నది, లోతయిన కాలువలాగా మారింది. మూడు మీటర్లు అంటే ఒక అంతస్తు ఎత్తు. ఒడ్డున వున్న నేలకు తూము ఒక అంతస్తు కిందికి పోయిందన్నమాట.

తవ్వడం ఆపితే వరదలు మళ్ళీ ఇసుకను తెచ్చి పూడ్చవా? పూడుస్తాయి, పైనుంచి ఇసుక వస్తూ వుంటే. కాని ఎగువన ఆనకట్టలు వున్న నదులలో ఇసుక జలాశయంలోనే దిగబడిపోతుంది. కృష్ణానది తెచ్చే ఇసుకకు శ్రీశైలం, నాగార్జునసాగర్ రెండూ అడ్డం నిలిచాయి. వాటికి దిగువన తీసిన ఇసుక తిరిగి రావడం సులభం కాదు.

సముద్రం దగ్గర

సముద్రానికి దగ్గరలో వున్న నదీపాయలలో ఇంకొక ప్రమాదం వున్నది. అడుగు లోతయితే పోటు సమయంలో ఉప్పునీరు ఇంకా ఎగువకు వస్తుంది. నేలలోపల జరిగేది మరీ విచిత్రం. మంచినీటి సాంద్రత 1.000, సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025. తేలికయిన మంచినీరు బరువయిన ఉప్పునీటి మీద తేలుతూ వుంటుంది. 1ని 0.025తో భాగించండి. 40 వస్తుంది. అంటే సముద్రమట్టంపైన మంచినీరు ఒక మీటరు ఎత్తున నిలిస్తే, కింద 40 మీటర్ల లోతువరకు ఉప్పునీటిని అణచివుంచుతుంది. పై మట్టం అర మీటరు తగ్గితే కింద ఉప్పునీరు 20 మీటర్లు పైకి వచ్చే అవకాశం వుంది. నిజమైన నేలల్లో ఈ లెక్క కొంత అటూ ఇటూ అవుతుంది కాని, దారి మాత్రం ఇదే.

ఎర్ర గ్రావెల్ గుంటలు

మన ఊళ్ళలో గ్రావెల్ అంటే గులకరాళ్ళు కాదు, రోడ్లకు పరచే మొరం. దీనిని గుట్టల దగ్గరా, మెరకభూముల్లోనూ తవ్వుతారు. జలమట్టానికి బాగా ఎత్తున తవ్వినంతకాలం దీనివల్ల భూగర్భజలానికి పెద్ద నష్టం లేదు. ఒక్కొక్క గుంట వాననీటిని నిలిపి ఇంకుడుగుంటగా కూడా పనికివస్తుంది. తవ్వి తవ్వి జలమట్టాన్ని తాకినప్పుడు కథ మారుతుంది. అప్పటివరకు నేల కప్పుకింద వున్న నీరు ఎండకు బయటపడుతుంది. ఒక హెక్టారు గుంటలో, పడిన వానను తీసివేసి ఏడాదికి మీటరున్నర ఆవిరయిందనుకొన్నా, అది కోటిన్నర లీటర్లు.

అంతకన్నా చెడ్డపని, పాత గుంటను ఊరి చెత్తతో పూడ్చడం. పైనుంచి ఇంకే నీటిని మట్టిపొర వడపోస్తుంది. గుంటలో ఆ పొర లేదు. చెత్తలోంచి దిగే రసం సరాసరి బావుల్లో చేరుతుంది. గుంట కనిపిస్తే చెత్త పోయాలని మనవాళ్ళకు ఎందుకు తోస్తుందో నాకు అర్థం కాదు!

మరి ఇళ్ళు కట్టుకోవద్దా?

కట్టుకోవాలి. ఇసుక లేకుండా కాంక్రీటు లేదు. ప్రపంచమంతా కలిసి ఏడాదికి 5,000 కోట్ల టన్నుల ఇసుక, గులక, కంకర వాడుతున్నదని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2022లో అంచనా వేసింది. అసలు సమస్య ఎంత తీయాలి, ఎక్కడ తీయాలి, ఎంత లోతున ఆపాలి అనేది.

వీటిలో లోతు ముఖ్యం. జలమట్టాన్ని తాకకుండా ఆపితే నష్టంలో పెద్దభాగం తప్పుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద చేసిన నిబంధనలు ఈ సంగతిని బాగా గుర్తించాయి. ఇసుకమేట 8 మీటర్లకు మించి మందంగా వుంటే 2 మీటర్ల వరకు, 3 నుంచి 8 మీటర్లుంటే ఒక్క మీటరు మాత్రమే తీయాలి. వంతెనలకూ, ఆనకట్టలకూ, నీరు తోడే బావులకూ 500 మీటర్లలోపు తవ్వరాదు. 2016లో కేంద్రప్రభుత్వం ఇచ్చిన సూచనలు కూడా 3 మీటర్లు లేక జలమట్టం, ఈ రెంటిలో ఏది ముందు వస్తే అక్కడ ఆపమన్నాయి. నిబంధన కాగితం మీద బాగానే వుంది. రాత్రిపూట యంత్రాలతో తవ్వేచోట టేపు పట్టుకొని లోతు కొలిచేవారు ఎవరన్నదే ప్రశ్న.

రెండోది, వరద తెచ్చినంతే తీయడం. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఏటి అడుగు ఎత్తును ఒకేచోట కొలిస్తే, ఆ ఏడు ఎంత ఇసుక కొత్తగా వచ్చిందో తెలుస్తుంది. దానిలో కొంత తీసుకోవచ్చు. వరద రాని సంవత్సరం తీయకూడదు. బ్యాంకులో వడ్డీ తీసుకొని అసలు వదిలివేయడంవంటిది ఇది.

ఇప్పటికే అడుగు దిగిపోయిన ఏర్లకు వేరే వైద్యం వుంది. ఏటికి అడ్డంగా ఇసుకలోపల, గట్టిరాయి తగిలేదాకా గోడ కడతారు. పైకి ఏమీ కనిపించదు. ఇసుకలో జారిపోయే నీరు ఆ గోడ దగ్గర ఆగి, ఎగువన మట్టం పెరుగుతుంది. దీన్ని భూగర్భ ఆనకట్ట అంటారు. రాయలసీమ ఏర్లలో ఇటువంటివి కట్టారు. పైకి కొంచెం కనిపించేటట్లు రాతికట్ట కడితే కోత ఎగువకు పాకడం కూడా ఆగుతుంది. అయితే కట్ట వెనక నిలవడానికి ఇసుక మిగిలివుండాలి. ఇసుక లేనిచోట భూగర్భ ఆనకట్ట ఖాళీ సంచికి కట్టిన మూతి.

ఇక రాతిని పిండిచేసి తయారుచేసే ఇసుక. మనవాళ్ళు దాన్ని రోబో ఇసుక అంటున్నారు. కాంక్రీటు రాళ్ళకూ, ఇసుకకూ మన దేశపు ప్రమాణమయిన ఐ.ఎస్. 383లో దీనికి కూడా చోటుంది. ఏటిమీద భారం తగ్గించడానికి ఇది మంచి దారే. కాని రాతిక్వారీ జలమట్టం కిందికి దిగి, పగలూ రాత్రీ నీళ్ళు తోడిపోస్తూ వుంటే అక్కడి బావులకు అదే గతి పడుతుంది. లోతు సూత్రం దానికీ వర్తిస్తుంది.

మీరు చేయగల కొలత

కేంద్ర భూగర్భజల మండలి వారు దేశమంతటా ఎంపికచేసిన బావులలో ఏడాదికి నాలుగుసార్లు నీటిమట్టం కొలుస్తారు. మీ వీధిలోని బావి వారి జాబితాలో వుండకపోవచ్చు. దాన్ని మీరు కొలవండి. పెద్దవారిని వెంటబెట్టుకొని వెళ్ళండి. ఒక తాడుకు చిన్న రాయి కట్టి, మీటరుకొక రంగుదారం ముడివేయండి. బావిగట్టుమీద ఒకచోట సున్నంతో గుర్తుపెట్టి, ప్రతిసారీ అక్కడినుంచే తాడు వదలండి. రాయి నీటిని తాకిన చప్పుడు వినబడగానే తాడును పట్టుకొని కొలత రాయండి. తెల్లవారుజామున, మోటార్లు వేయకముందు కొలిస్తే మంచిది. ఏటి పక్కన ఒక బావి, ఏటికి అరకిలోమీటరు దూరాన ఒకటి, ఒక కిలోమీటరు దూరాన ఇంకొకటి తీసుకోగలిగితే, జలమట్టం ఏటివైపు వాలిందో, ఏటినుంచి బయటికి వాలిందో మీకే తెలిసిపోతుంది. అయితే ఒక్క జాగ్రత్త వుంది. బావిగట్ల ఎత్తులు వేరువేరుగా వుంటాయి గనుక, పారదర్శకమైన పొడవాటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి తాపీమేస్త్రీలు మట్టం చూసినట్లు, ఆ తేడాను దఫాలవారీగా ముందే కొలిచి పెట్టుకోవాలి.

ఏట్లోని ఇసుకగుంటల దగ్గరకు మాత్రం వెళ్ళకండి. నీరు నిండాక వాటి లోతు పైకి తెలియదు, అంచు ఇసుక కాలికింద జారిపోతుంది. ఈతవచ్చిన పిల్లలే వాటిలో మునిగిపోతున్నారు.

మొదటి కొలత మే నెలలో తీయండి. రెండోది వానలు వెలిశాక నవంబరులో. రెండింటికీ ఒకే తాడు వాడాలి. తడిస్తే సాగే తాడయితే ముందే నీళ్ళలో నానబెట్టి, ముడులు తర్వాత వేయండి.